తొలిపొర

మన యిండ్లలో పండుగనాడు గడపకు పసుపు పూయుదురు. ఆ పసుపు కొయ్య లోతులకు పోదు. పైననే అంటి నిలుచును. అదే కొయ్యను చెరువులో పడవేసినచో నీరు దాని లోలోపలికి ఇంకి, దానిని బరువెక్కించును. ఇంకుట వేరు, అంటుట వేరు. రసాయనశాస్త్రజ్ఞులు మొదటిదానిని శోషణమనియు, రెండవదానిని అధిశోషణమనియు అందురు. వినుటకు ఇది స్వల్పమైన భేదము. కాని వాయువునకును లోహమునకును మధ్య జరుగు కథ యీ అంటుటతోనే మొదలగును. పైన నంటిన తొలిపొర కొన్నియెడల లోహమునకు కవచమగును. కొన్నియెడల దాని వినాశమునకు తొలిమెట్టగును. ఏది ఎప్పుడు కవచమగునో తెలిసికొనుటకు మానవులు తరతరములుగా శ్రమించిరి. ఆ శ్రమలో కొందరు ప్రాణములను సైతము కోల్పోయిరి.

రసాయనశాస్త్రమును చదువుకొన్న దినములనుండి నేటివరకు నా మనస్సును వదలని విషయములలో ఇది యొకటి. పెద్ద పెద్ద యంత్రములు నన్నంతగా ఆకర్షింపలేదు. కంటికి కానరాని యొక పలుచని పొర, నలుగురు కలిసి లేవనెత్తలేని ఉక్కుపాత్ర యొక్క గతిని నిర్ణయించుట నాకెప్పుడును ఆశ్చర్యముగనే యుండును. ఆ ఆశ్చర్యమును మీతో పంచుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

హాలోజనులు అను మూలకముల కుటుంబమును గూర్చి మీరు వినియుందురు. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ అనునవి అందు ముఖ్యములు. గ్రీకు భాషలో హాలోజను అనగా ఉప్పును పుట్టించునది యని అర్థము. మనము కూరలో వేసికొను ఉప్పు సోడియమను లోహమును, క్లోరిన్ అను వాయువును కలియగా ఏర్పడినదే. ఫ్లోరిన్ లేతపసుపు వన్నెగల వాయువు. క్లోరిన్ ఆకుపచ్చ కలిసిన పసుపు వన్నెగల వాయువు. బ్రోమిన్ ఎర్రనైన ద్రవము. అది గదిలోని వేడికే ఆవిరులు చిమ్ముచుండును. అయొడిన్ మెరుపుగల నల్లని స్ఫటికము. కొంచెము వేడి తగిలినంతనే అందమైన ఊదారంగు ఆవిరిగా లేచును. రూపములు వేరైనను వీటి స్వభావమొక్కటే. వీని పరమాణువులలో ప్రతిదానికిని వెలుపలి కక్ష్యయందు ఏడు ఎలక్ట్రానులున్నవి. ఎనిమిదవదాని కొరకు అవి నిరంతరము తహతహలాడుచుండును. లోహములో, ఎలక్ట్రానులను ధారాళముగ నిచ్చునవి. పుచ్చుకొనువాడును ఇచ్చువాడును ఎదురుపడినపుడు ఏమి జరుగునో ఊహించుట కష్టము కాదు. ఆ వ్యవహారము ఎక్కడ ఆగునో ఊహించుటయే కష్టము.

వాయువులోని అణువులకు నిలుకడ లేదు. అవి దశదిశలకు పరుగెత్తుచు, ఎదుటనున్న లోహమును క్షణక్షణమును తాకుచుండును. కొన్ని తాకి మరలిపోవును, కొన్ని అంటుకొనును. అంటుకొనుటకు కారణమేమి? లోహము లోపలనున్న పరమాణువునకు అన్నివైపులను తోడివారున్నారు. ఉపరితలముననున్న పరమాణువునకు పైవైపున తోడు లేదు. ఆ కొరత చేతనే అది దారిని పోవు అణువును చేయిచాచి పట్టుకొనును.

ఈ విషయమును చక్కగా విశదపరచినవాడు అర్వింగ్ లాంగ్మ్యూర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు. ఆయన జనరల్ ఎలక్ట్రిక్ సంస్థవారి పరిశోధనాలయమున పనిచేయుచు, విద్యుద్దీపములలోని టంగ్‌స్టన్ తీగమీద వాయువులు ఎట్లు ప్రవర్తించునో పరిశీలించెను. ఆ పరిశీలనల ఫలముగా 1916, 1918 సంవత్సరములలో ఆయన ప్రకటించిన సిద్ధాంతమును మన పెండ్లిపంక్తితో పోల్చవచ్చును. పంక్తిలో విస్తళ్లు వరుసగా వేసియుండును. ఒక్కొక్క విస్తరిముందు ఒక్కరే కూర్చుందురు. విస్తళ్లన్నియు నిండిన పిదప వచ్చినవారు నిలిచియుండవలసినదే. అట్లే లోహపు ముఖముమీద అణువులు కూర్చుండుటకు నియతమైన తావులున్నవి. అవి నిండినచో అణువంత మందముగల యొకేయొక పొర ఏర్పడును. ఉపరితలముల రసాయనమునందు చేసిన యిట్టి కృషికై లాంగ్మ్యూర్‌నకు 1932లో నోబెల్ బహుమానము లభించినది.

హాలోజనులు ఈ పంక్తికి జంటలుగా వచ్చును. రెండు పరమాణువులు చేయిచేయి పట్టుకొనినదే యొక అణువు. పెక్కు లోహముల ముఖమును తాకగానే ఆ జంట విడిపోవును. ఒక్కొక్క పరమాణువు ఒక్కొక్క తావున కుదురుకొని, లోహమునుండి ఎలక్ట్రానును తనవైపునకు లాగికొనును. గడపకు పసుపు అంటినట్టి అంటు కాదిది, నిజమైన రసాయనబంధము. కనుక దీనికి రసాయనాధిశోషణమని పేరు. ఇంతవరకు లోహము చెడలేదు. తొలిపొర కూర్చున్నది, అంతే. కాని వెలుపల వాయువు ఇంకను మిగిలియున్నచో హాలోజనులు తొలిపంక్తితో తృప్తిపడవు. లోహపు పరమాణువులు తమ తావులు విడిచి వాటితో కలియసాగును. అపుడు ఆ రెండును కాని మూడవ పదార్థమొకటి, హాలైడు అనునది, లోహము మీద పెరుగసాగును.

ఈ పెరుగుదలను కంటితో చూచి పనికి వినియోగించుకొనినవారిలో ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ డాగెర్ ప్రసిద్ధుడు. 1839లో లోకమునకు వెల్లడియైన ఆయన ఛాయాచిత్రణ పద్ధతిలో, వెండిపూత గల రాగిరేకును అద్దమువలె మెరుగుపెట్టి, అయొడిన్ స్ఫటికములున్న పెట్టెమీద బోర్లించి యుంచెడివారు. ఆవిరి సోకగా వెండిమీద వెండి అయొడైడు పొర ఏర్పడి రేకు బంగారువన్నెకు తిరిగెడిది. మరికొంతసేపుంచినచో గులాబివన్నెకును, పిదప నీలివన్నెకును మారెడిది. ఈ వన్నెలు ఏ రంగుద్రవ్యము వలనను పుట్టినవి కావు. సబ్బుబుడగ మీదను, తడిసిన రోడ్డుపై నూనెచుక్క మీదను మీరు చూచు రంగులవంటివే అవియును. పొర పైముఖమునుండియు క్రిందిముఖమునుండియు మరలిన వెలుగు కలియుటచే అవి పుట్టును. పొర మందము మారినకొలది మారును. కావున నాటి ఛాయాచిత్రకారుడు గడియారముకంటె తన కంటినే నమ్ముకొని, తగిన వన్నె రాగానే రేకును తీసెడివాడు.

1920లో జర్మనీలో గుస్టావ్ టమ్మాన్ అను శాస్త్రజ్ఞుడు ఇట్టి రంగులనే కొలబద్దగా చేసికొని, అయొడిన్ ఆవిరిలో వెండిమీది పొర ఎంత వేగముగ పెరుగునో లెక్కించెను. పొర మొదట త్వరగా పెరుగును. రానురాను పెరుగుదల మందగించును. మందము రెట్టింపగుటకు కాలము నాలుగురెట్లు కావలెను. మూడురెట్లగుటకు తొమ్మిదిరెట్లు కావలెను. దీనికి కారణమును 1933లో కార్ల్ వాగ్నర్ వివరించెను. పొర ఏర్పడిన తరువాత వాయువునకును లోహమునకును నడుమ అదియే గోడయై నిలుచును. ఇరువురు కలియవలెనన్నచో విద్యుదావేశము గల పరమాణువులును, ఎలక్ట్రానులును ఆ గోడగుండ దారిచేసికొని రావలెను. గోడ మందమైనకొలది దారి దూరమగును. అనగా వైరము వలన పుట్టిన పొరయే వైరమునకు అడ్డు నిలుచుచున్నది. నేనీ విషయమును తలచినపుడెల్ల ప్రకృతి నేర్పునకు చేయెత్తి మ్రొక్కబుద్ధియగును.

ఇట్టి అడ్డుగోడ విలువ యెంతయో ఫ్లోరిన్ చరిత్ర తెలుపును. హాలోజనులలో ఇంతటి దుర్దాంతము మరియొకటి లేదు. దానిని విడదీయబోయి బ్రస్సెల్స్ నగరమున లూయెట్, నాన్సీ నగరమున నిక్లెస్ అను రసాయనజ్ఞులు మరణించిరి. ఐర్లండులో నాక్స్ సోదరులు తీవ్రముగ రోగగ్రస్తులైరి. ఏ పాత్రలో పుట్టించినను అది ఆ పాత్రనే కబళింపజూచెడిది. తుదకు 1886 జూన్ 26వ తేదీన పారిస్ నగరమున హెన్రీ మొయిస్సాన్, ప్లాటినముతో చేసిన వంపుగొట్టమును మిక్కిలి చల్లబరచి, అందు హైడ్రోజన్ ఫ్లోరైడు ద్రవముగుండ విద్యుత్తును పంపి ఆ వాయువును పట్టగలిగెను. తరువాతి కాలమున ఆయన విలువైన ప్లాటినమునకు మారుగా సామాన్యమైన రాగి గొట్టమును వాడి కృతకృత్యుడయ్యెను. రాగి ఎట్లు నిలిచినది? ఫ్లోరిన్ సోకగానే రాగిమీద రాగి ఫ్లోరైడు పొర గట్టిగా అంటుకొని, తక్కిన రాగిని కాపాడినది. మొయిస్సాన్ 1906లో నోబెల్ బహుమానమును పొంది, మరుసటి సంవత్సరముననే మరణించెను.

నేడు ఫ్లోరిన్‌ను నికెల్, రాగి, ఉక్కు పాత్రలలో జాగ్రత్తగా వాడుచున్నారు. క్రొత్త పాత్రలో ఒక్కసారిగా వాయువును నింపరు. ముందుగా దానిని నూనెమరక లేకుండ శుభ్రపరచి, ఆరబెట్టి, పిదప మరియొక వాయువుతో పలుచనచేసిన ఫ్లోరిన్‌ను కొంచెము కొంచెముగా పంపుదురు. పొరను నెమ్మదిగ, సమముగ ఏర్పడనిత్తురు. ఎక్కడనైన నూనె లేశమాత్రము మిగిలినచో అది భగ్గున మండును. ఆ వేడికి పొర చెడి లోహమే అంటుకొనవచ్చును. ఇక్కడ శుభ్రత అనునది అందము కొరకు కాదు, ప్రాణము కొరకు.

ఫ్లోరిన్ పరిశోధనాలయములకును, కర్మాగారములకును పరిమితమైనది. క్లోరిన్ అట్లు కాదు. అది మన యూరి మంచినీళ్ల వరకు వచ్చినది. 1888లో జర్మనీలోని బి.ఏ.ఎస్.ఎఫ్. కర్మాగారమున రూడోల్ఫ్ క్నీట్ష్ దానిని ద్రవముగా మార్చు విధానమును నెలకొల్పెను. తడిలేని క్లోరిన్ మామూలు వేడిమివద్ద ఇనుమును తినివేయదు. ఇనుముమీద ఐరన్ క్లోరైడు పొర ఏర్పడి ఆగిపోవును. ఈ యొక్క గుణము వలననే ఆ విషవాయువును ఉక్కు సిలిండరులలో నింపి దూరప్రదేశములకు పంపుట సాధ్యమైనది.

కొన్నియేండ్ల క్రిందట ఒక పట్టణమున నీటిశుద్ధి కేంద్రమును చూచు అవకాశము నాకు కలిగెను. ఇసుక మడుగులలో వడపోసిన నీటికి చివర క్లోరిన్ కలుపుదురు. కలరా, టైఫాయిడ్ వంటి జాడ్యముల క్రిములు దానితో నశించును. గదిలో పసుపురంగు పూసిన సిలిండరులు వరుసగా నుండెను. అచట పెక్కుకాలము పనిచేసిన వృద్ధుడొకడు అమ్మోనియా ద్రావణముతో తడిపిన గుడ్డను కొనకు కట్టిన కఱ్ఱను పట్టుకొని, ప్రతి బిగింపువద్దను ఆడించి చూచుచుండెను. క్లోరిన్ కారుచున్నచో గుడ్డచుట్టు తెల్లని పొగ లేచునట. “వాయువు కారినప్పుడు నీరు చల్లి దాని నణచరాదా?” యని నేనడిగితిని.

ఆయన చేయి అడ్డముగ నూపి, “అమ్మో! ఆ పని మాత్రం చేయకూడదండీ మాస్టారూ! నీళ్లు తగిలితే సూదిమొనంత కన్నం వేలు పట్టేంత అవుతుంది. పొడిగా ఉన్నంతసేపే ఇది మన మాట వింటుంది” అనెను.

ఆ మాటలలో ఎంతటి శాస్త్రమున్నదో చూడుడు. క్లోరిన్ నీటిలో కరగి ఆమ్లములను పుట్టించును. ఉక్కును కాపాడు ఐరన్ క్లోరైడు పొరయో, నీట సులభముగ కరగును. కవచము కరగిపోయిన ఇనుమునకు ఎదురుగ ఆమ్లము నిలిచినపుడు కన్నము పెద్దదికాక యేమగును? వేడియును అట్టి శత్రువే. సుమారు 250 డిగ్రీల సెంటిగ్రేడువద్ద ఉక్కు క్లోరిన్‌లో అంటుకొని మండును. అందుచేతనే క్లోరిన్ మిగిలియున్న గొట్టమునకు అతుకు వేయుట నిషిద్ధము.

తడి చేటు, పొడి మేలు అను సూత్రము అన్ని లోహములకును చెల్లునని మాత్రము తలపరాదు. టైటానియమను లోహము తడిగల క్లోరిన్‌ను చక్కగా సహించును. తడి లేనిదానిలోనైనచో అంటుకొని మండవచ్చును. తేమ యున్నప్పుడు దానిమీద టైటానియం ఆక్సైడు పొర గట్టిగా నిలుచును. తేమ లేనపుడు పుట్టునది టైటానియం క్లోరైడు. అది ద్రవము, పైగా సులభముగ ఆవిరియగునది. ఆవిరియై పోవునది కవచమెట్లగును? కావున తడి క్లోరిన్‌ను చల్లార్చు పరికరములను టైటానియముతోను, పొడి క్లోరిన్‌ను దాచు సిలిండరులను ఉక్కుతోను చేయుదురు. ఒకదానికి బదులు మరియొకటి వాడినచో అనర్థమే.

పొర నిలువక ఆవిరియగుటను గూడ మానవుడు మేలునకు త్రిప్పుకొనెను. 1925లో నెదర్లాండ్స్ దేశమున వాన్ ఆర్కెల్, డి బోయర్ అను శాస్త్రజ్ఞులు మలినమైన లోహమును అయొడిన్ ఆవిరితో కలియనిచ్చి, పుట్టిన అయొడైడు ఆవిరిని మిక్కిలి కాలిన తీగకు తగులునట్లు చేసిరి. అక్కడ అది విడిపోయి శుద్ధమైన లోహము తీగమీద పేరుకొనెను; అయొడిన్ మరల పాతపనికి పోయెను. రేవుపడవ జనమును దాటించి మరల ఒడ్డునకు వచ్చినట్లు, అయొడిన్ లోహమును మోసికొనిపోయి తాను తిరిగివచ్చుచున్నది. 1959లో ప్రకటితమైన హాలోజను దీపములో జరుగు పనియు ఇదియే. తీగనుండి ఆవిరియైన టంగ్‌స్టన్ గాజును నల్లబరపకుండ అయొడిన్ దానిని మరల తీగవైపునకు చేర్చును. ఎల్.ఇ.డి. దీపములు వచ్చిన పిదప ఆ దీపముల వాడుక తగ్గినది కాని, ఆ నేర్పు పాతబడలేదు.

ఇంతవరకు చెప్పిన పొరలలో మొదటిది, పరమాణువంత మందముగల తొలిపొర, లాంగ్మ్యూర్ కాలమున ఊహకే అందినది. నేడది పరికరములకును చిక్కినది. 2016లో ఆ నెదర్లాండ్స్ దేశముననే, డెల్ఫ్ట్ నగరపు విశ్వవిద్యాలయమున సాండర్ ఓట్టె నాయకత్వమున పనిచేసిన పరిశోధకులు, రాగి ముఖముమీద క్లోరిన్ పరమాణువులు చదరంగపు గళ్లవలె వరుసదీరి కూర్చుండుటను సూక్ష్మమైన సూదిమొనతో గుర్తించి, ఖాళీగానున్న గళ్లలోనికి వాటిని ఒక్కొక్కదానినే జరిపిరి. గంటముతో తాటియాకుమీద వ్రాసినట్లు, పరమాణువులతో అక్షరసంకేతములను వ్రాసిరి. సున్న దిగువ 196 డిగ్రీల చలిలో, శూన్యప్రదేశమున సుమారు 8,000 సంకేతములు అట్లు కుదిరినవి. రిచర్డ్ ఫైన్మన్ అను భౌతికశాస్త్రజ్ఞుడు 1959లో చేసిన ప్రసంగములోని కొంతభాగమును వారు అందు లిఖించిరి. లోహములను కొరుకు వాయువు లిపియైన దినమది!

కాని యీ విద్యకు చీకటివైపును గలదు. దానిని దాచుట ధర్మము కాదు. ఉక్కు సిలిండరులో క్లోరిన్ నిలుచుటకు కారణమైన ఆ పొరయే, దానిని యుద్ధభూమికి మోసికొనిపోవుటకును తోడ్పడినది. 1915 ఏప్రిల్ 22వ తేదీ సాయంకాలమున బెల్జియములోని ఈప్ర్ పట్టణము చెంత జర్మను సైన్యము 5,000కు పైగా సిలిండరులను తెరచి, గాలివాలున క్లోరిన్‌ను శత్రువుల కందకములమీదికి విడిచెను. అనేకులు ఊపిరాడక మరణించిరి. సిలిండరులు ఒక్కటే, వాయువు ఒక్కటే, లోపలి పొరయు ఒక్కటే. ఒకచోట అది బిడ్డల దాహము తీర్చు నీటిని శుద్ధిచేసినది. వేరొకచోట తల్లుల బిడ్డలను హతమార్చినది. పొర తప్పు చేయలేదు. సిలిండరు మర త్రిప్పిన చేతిదే ఆ భారము.

విద్యార్థులారా! లోహముమీద ఏ వాయువు పొరగట్టినను దానిని గూర్చి మూడు ప్రశ్నలు వేయుడు. అది గట్టిగా అంటి నిలుచునా? తడికి కరగిపోవునా? వేడికి ఎగిరిపోవునా? ఈ మూడింటికి సమాధానము తెలిసినవాడు ఏ పాత్రలో ఏ వాయువును దాచవలెనో తెలిసినవాడగును. లూయెట్, నిక్లెస్‌లకు ఆ సమాధానములు దొరకలేదు. వారి తరువాతివారికి దొరకినవి. రేపు కుళాయివద్ద కడవ నింపుకొనునపుడు, ఊరి చివర నెక్కడనో ఒక ఉక్కు సిలిండరులో, చీకటిలో, తడి సోకకుండ కాపాడబడుచున్న ఆ పలుచని పొరను ఒక్కమారు తలచుకొనుడు. దానిని కాపాడు మనుష్యులనుగూడ తలచుకొనుడు.